కొలత కోసం సారు

"స్కేలు లేని ఫొటో ఫొటోయే కాదయ్యా" అని మా సారు క్లాసులో ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. జియాలజీ చదివేవాళ్ళకు ఇది మొదటి పాఠం. బండకు ఫొటో తీస్తే పక్కన అందరికీ తెలిసిన వస్తువు ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే చూసేవాడికి అది కొండో గులకరాయో తెలియదు. మేం సుత్తి పెట్టేవాళ్ళం. మా డిపార్ట్‌మెంటులో దానికో పద్ధతి కూడా ఉండేది. నేల మీద పరుచుకున్న బండను పైనుంచి తీసేటప్పుడు సుత్తి తల ఉత్తరానికి పెట్టాలి. ఫొటోలో ఉత్తరం ఎప్పుడూ పైకే రావాలి. ఈ ఆచారం ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నేను చేరేనాటికే చొక్కాకు బొత్తాలు పెట్టుకున్నంత మామూలుగా అందరూ అలాగే చేసేవాళ్ళు.

అరవైల చివర, నా ఎమ్మెస్సీ ఆఖరి ఏడాది. లాలాగూడలో మా అన్న క్వార్టర్‌లో ఉంటూ రోజూ సైకిల్ మీద తార్నాక మీదుగా యూనివర్సిటీకి వెళ్ళేవాణ్ణి. అన్న రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్లు బాగుచేసేవాడు. చదువులో నాకంటే తనే గట్టివాడు. ఇద్దర్నీ చదివించడం వ్యవసాయంతో అయ్యే పని కాదని నాయిన అన్నప్పుడు, తమ్ముణ్ణి చదివించమని తనే చెప్పి వర్క్‌షాపులో చేరాడు. ఆ చదువులో ఒక ఏడాదిని నేను అప్పటికే టైఫాయిడ్‌కు అప్పగించాను. పరీక్షలకు కూర్చోలేక అదే క్లాసు మళ్ళీ చదివాను. ఇంకో ఏడాది పోయినా అన్న ఒక్క మాట అనడు. నా భయమంతా అదే. తిట్టేవాడైతే నాకు ఇంత బెంగ ఉండేది కాదు.

సారు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. తెల్ల పంచె కట్టుకుని, కాళ్ళకు బూట్లు వేసుకుని కొండలెక్కేవారు. మేం వెనక నవ్వుకునేవాళ్ళం. ఆ ఏడాది డిపార్ట్‌మెంటు వార్షికోత్సవానికి ఫొటో ప్రదర్శన పెడదామన్నారు. విషయం 'కొలత' అని ఆయనే ప్రకటించారు. నాకు చిలిపి ఆలోచన వచ్చింది. ప్రతి బండ పక్కనా సుత్తి పెట్టమని చంపుతున్నారు కదా, సుత్తినే కొండంత చేసి దాని పక్కన సారునే పెడితే ఎలా ఉంటుంది?

ఈ పని నేర్పింది తార్నాకలో స్టూడియో నడిపే పెద్దాయన. అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. పెళ్ళికి రాలేకపోయిన బాబాయిని పెళ్ళి ఫొటోలో నిలబెట్టడం, మనవడు పుట్టకముందే పోయిన తాత ఒళ్ళో మనవణ్ణి కూర్చోబెట్టడం ఆయన పనితనం. ఫొటోలో మనిషిని, సగానికి విరిచిన బ్లేడుతో అంచు వెంట కత్తిరించేవారు. కాగితం మందం తెలియకుండా వెనకవైపు సాండ్ పేపర్‌తో అరగదీసి, మైదా లైతో ఇంకో ఫొటో మీద అతికించేవారు. అంచుల మీద సన్నటి కుంచెతో సిరా తాకించి, ఆ మొత్తాన్ని మళ్ళీ ఫొటో తీసేవారు. కొత్త నెగటివ్‌లో అతుకు జాడే ఉండదు.

"రెండే ముచ్చట్లు యాది పెట్టుకో" అన్నారు ఉస్తాద్ మొదటి రోజు. "వెలుతురు ఎప్పుడు ఫొటో మీది దిక్కు నుంచే పడాలె. కిందికెళ్ళి పడితే గుంట గుట్ట లెక్క కొడతది, గుట్ట గుంట లెక్క కొడతది. అందుకే ఫొటోల నీడ కిందికి దిగాలె. రెండోది, అందరి నీడ ఒక్క దిక్కే పోవాలె. గీ రెండు పట్టుకున్నవంటే నీ అతుకు ఎవ్వరికీ దొరకది."

పట్టుకున్నాను. పన్నెండు మందిమి డిపార్ట్‌మెంటు పిట్టగోడ మీద ఒక్కొక్కళ్ళం అదే చోట, అదే ఎండలో కూర్చుని ఫొటోలు దిగాం. ఆ బొమ్మలన్నీ వేలెడంత చేసి కత్తిరించి, సుత్తి పిడి మీద వరసగా కరెంటు తీగ మీద పిచ్చుకల్లా కూర్చోబెట్టాను. సుత్తి తల దగ్గర, పంచె బూట్లతో, చేతులు వెనక్కి కట్టుకుని సారు బొటనవేలంత నిలబడ్డారు. కింద తెల్ల సిరాతో రాశాను: 'కొలత కోసం సారు.'

ప్రదర్శనలో అందరూ దాని దగ్గరే ఆగారు. సారు కళ్ళద్దాలు పైకి జరుపుకుని చాలాసేపు చూశారు. "నా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. అది కూడా రాయాల్సింది" అన్నారు. తర్వాత ఆ ఫొటో అడిగి తీసుకుని తన బల్ల అద్దం కింద పెట్టుకున్నారు. నేను వారం రోజులు కాలరెగరేసుకుని తిరిగాను. ఆ మెప్పు రాకపోయి ఉంటే తర్వాతి గొడవ జరిగేది కాదని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

డిసెంబర్‌లో డిసర్టేషన్ కోసం నల్గొండ వైపు ఒక ఊళ్ళో మూడు వారాలు ఉన్నాను. ఆ చుట్టుపక్కల గ్రానైటు బండల్ని చీల్చుకుని పొడవాటి నల్లరాతి పట్టీలు సాగుతాయి. వాటిని మేం డైకులంటాం. కొన్ని ఈశాన్యానికి పోతాయి, కొన్ని వాయవ్యానికి. రెండూ కలిసే చోట ఏది దేన్ని కోసుకుంటూ పోతుందో చూస్తే, ఏది ముందు పుట్టిందో ఏది తర్వాత పుట్టిందో తెలుస్తుంది. కోసేది చిన్నది, కోయించుకునేది పెద్దది. ఈశాన్య పట్టీలే చిన్నవని సారు ఎప్పుడో ఒక వ్యాసంలో అచ్చువేశారు. ఆ ప్రాంతం గురించి ఎవరు రాసినా దాన్నే చెప్పేవాళ్ళు.

ఆఖరి రెండు రోజుల్లో ఊరి బయట చేను పక్కన పరుపు బండ మీద నాకు ఆ కూడలి కనబడింది. వాయవ్య పట్టీ ఈశాన్య పట్టీని కత్తితో కోసినట్టు రెండు ముక్కలు చేసి అవతలికి పోయింది. అంటే సారు రాసింది తలకిందులు. నేను బండ మీద మోకాళ్ళూని వేళ్ళతో ఆ అంచును తడిమి చూశాను. ఇందులో అనుమానానికి చోటే లేదు. మధ్యాహ్నం దాకా ఆగి, నోట్‌బుక్కులో పెన్సిల్‌తో బొమ్మ గీసుకున్నాను. అప్పుడే సుత్తి తల ఉత్తరానికి పెట్టి, డిపార్ట్‌మెంటు కెమెరాతో రీలు మొత్తం ఆ ఒక్క కూడలి మీదే ఖర్చుపెట్టాను.

తిరిగొచ్చిన మర్నాడే సారుకు చెప్పాను. రీలు ఇంకా కడగలేదు. ఆగలేకపోయాను, అంతే. ఆయన, "అయితే నేను రాసింది తప్పన్నమాట" అన్నారు. ముఖంలో కోపం లేదు. ఏదో కుర్రాడిలా హుషారు కనిపించింది.

"ఫొటో తీశావా?"

"రీలంతా తీసిన సార్. సాఫ్ వచ్చినయ్" అన్నాను. కడగని రీలు సాఫ్‌గా ఎలా వస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

"పట్రా, చూద్దాం."

ఆ సాయంత్రం డిపార్ట్‌మెంటు చీకటి గదిలో రీలు కడిగాను. బయటికి తీసి వెలుతురుకు పట్టుకుంటే అద్దంలా ఉంది. అంచున అంకెలు తప్ప మొదటి నుంచి చివరిదాకా ఏమీ లేదు. రీలు కొస కెమెరాలో పళ్ళచక్రానికి సరిగ్గా పట్టుకోలేదు. నేను మీట తిప్పినప్పుడల్లా చక్రం ఉత్తినే తిరిగింది, లెక్క చూపించే ముల్లు కదిలింది, ఫిల్ము మాత్రం ఉన్నచోటే ఉంది. రీలుతోపాటు తిరగాల్సిన ఎడమవైపు గుండీ తిరుగుతోందో లేదో చూసుకుంటే ఆ రోజే తెలిసిపోయేది. చూసుకోలేదు. ఆ తడి ఫిల్మును పట్టుకుని నేల మీద కూలబడ్డాను. ఏడుపు రాలేదు. నన్ను నేను తిట్టుకోవడానికి నాకు తెలిసిన తిట్లు చాల్లేదు.

మళ్ళీ వెళ్ళి తీసుకుంటే సరిపోతుంది కదా అని తమాయించుకున్నాను. ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. ఊళ్ళో దిగి చేను దారి పట్టేసరికే దుమ్ము కనిపించింది. కొత్త రోడ్డుకు కంకర కోసం ఆ పరుపు బండకు మందుపెట్టి పేల్చారు. కూడలి ఉన్న చోట నా నడుము లోతు గుంట ఉంది. చుట్టూ తెల్లరాయి, నల్లరాయి కలిసిన కంకర కుప్పలు. పిచ్చివాడిలా ఆ కుప్పల్లో చేతులు పెట్టి వెతికాను. రెండు పట్టీలూ ఉన్న ముక్క ఒక్కటి దొరికినా చాలనుకున్నాను. వేళ్ళు చీరుకుపోయాయి గాని దొరకలేదు. అక్కడ పనిచేసే ఆమె నన్ను చూసి, "ఏం పోగొట్టుకున్నవ్ బిడ్డా, ఉంగరమా?" అని అడిగింది. కాదన్నాను.

సారు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేస్తే పోయేది. ఇప్పుడు ఎంత తేలిగ్గా రాస్తున్నానో. అప్పుడు నా తలలో ఉన్నది వేరు. సాఫ్ వచ్చినయ్ అని నా నోటితో నేనే చెప్పాను. ఆయన అచ్చువేసిన మాటను తప్పన్నాను. ఇప్పుడు ఫొటో లేదు, బండా లేదు అంటే ఎవరు నమ్ముతారు? నన్ను అబద్ధాలకోరు అంటారు, డిసర్టేషన్ ఒప్పుకోరు, ఇంకో ఏడాది పోతుంది, అన్న ఒక్క మాట కూడా అనడు. ఈ నాలుగూ ఒకదాని వెంట ఒకటి తిరుగుతూనే ఉండేవి. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. వదిన కూర బాగాలేదేమో అనుకుని రోజుకో కూర మార్చేది.

సారు రెండుసార్లు అడిగారు. ప్రింటు వేసే కాగితం దొరకలేదని ఒకసారి, బొమ్మ పెద్దది చేసే ఎన్‌లార్జర్ బల్బు మాడిపోయిందని ఒకసారి చెప్పాను.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మాణికేశ్వర్ నగర్ వైపు క్యాంపస్ అంచున, రాళ్ళు కొట్టేవాళ్ళు వదిలేసిన కుప్ప దగ్గర సైకిల్ ఆపాను. ఎందుకాపానో చెప్పలేను, అప్పటికి రాళ్ళ కుప్ప కనబడితే ఆగడం అలవాటైపోయింది. చేతిలోకి తీసుకున్న ఒక చిప్పరాయి మీద, పెన్సిలంత వెడల్పున రెండు నల్ల గీతలు. ఒకటి ఇంకోదాన్ని కోసుకుంటూ పోయింది. రాయిని కాస్త తిప్పితే కోసేది వాయవ్యానికి, కోయించుకున్నది ఈశాన్యానికి. నా నోట్‌బుక్కు బొమ్మ అచ్చంగా అరచేతిలో ఉన్నట్టు అనిపించింది. దీని పక్కన గోరంత సుత్తి ఒక్కటి పెడితే చాలు, పెన్సిలంత గీత మూరెడు వెడల్పు అవుతుంది.

నేను అబద్ధం చెప్పడం లేదు కదా అని వాదించుకున్నాను. కళ్ళారా చూసిందే చూపిస్తున్నాను. చూసింది నిజం, ఫొటో ఒక్కటే వేరు. ఈ వాదన ఎంత బాగుందంటే ఆ రోజు వదిన పెట్టిన అన్నం రెండోసారి అడిగి తిన్నాను.

మా డిపార్ట్‌మెంటులో ఇంకో ప్రదర్శన ఉందని ఉస్తాద్‌తో చెప్పాను. ఆయన అనుమానించలేదు. స్టూడియో డాబా మీద రాయిని పెట్టి, ఆయన పాత చెక్క కెమెరాను దగ్గరగా దింపి తీశాం. వాయవ్య గీత వాయవ్యానికే ఉండేట్టు రాయిని సరిచేసి, వెలుతురు పైవైపు నుంచి పడేట్టు కెమెరాతో సహా రాయిని తిప్పుకున్నాం. రాతి మీది చిన్న చిన్న మిట్టలన్నీ కిందికి నీడలు వదిలాయి. తర్వాత సుత్తిని కింద నేల మీద పెట్టి డాబా మీది నుంచి తీశాను, దాని నీడ కూడా పిడి వైపుకే పడేట్టు చూసుకుని.

"నీడతోనే కత్తిరియ్యి" అన్నారు ఉస్తాద్. "నీడ లేకపోతే సుత్తి గాల్లె తేలుతది."

నీడతోనే కత్తిరించాను. గోరంత సుత్తిని సూదిమొన మీద ఎత్తి అతికించాను. తల పైకి, అంటే ఉత్తరానికి. మా డిపార్ట్‌మెంటు పద్ధతి తప్పలేదు. ఉస్తాద్ పద్ధతి తప్పలేదు. మళ్ళీ ఫొటో తీసి కడిగి చూస్తే నాకే ఒళ్ళు జలదరించింది. పరుపు బండ, రెండు పెద్ద నల్ల పట్టీలు, వాటి కూడలిలో నా సుత్తి. నేను మోకాళ్ళూనిన చోటు కూడా చూపించగలననిపించింది.

పోస్టుకార్డంత ప్రింటు సారుకు ఇచ్చాను. వెనక వివరం రాయడం నియమం కాబట్టి రాశాను: డిసెంబర్, మధ్యాహ్నం పన్నెండు, సుత్తి తల ఉత్తరం.

ఆయన కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు. బీరువాలోంచి తన పాత వ్యాసం తీసి, ఎర్ర పెన్సిల్‌తో ఒక వాక్యం కింద గీత గీసి, మార్జిన్లో 'తప్పు' అని రాశారు. అంత పెద్ద మనిషి తన అచ్చు కాగితం మీద తన చేత్తో అలా రాసుకోవడం నేను చూస్తూ నిలబడ్డాను.

"పత్రికకు సవరణ రాస్తాను. నీ పేరుతోనే వెయ్యమంటాను. ఈ ఫొటో కూడా పంపాలి, పెద్దది చేసి పట్రా" అన్నారు.

డిసర్టేషన్‌తో ఆగుతుందనుకున్నది అచ్చుకు పోతోంది. నాతోపాటు ఆయన పేరు కూడా పోతోంది. వద్దు సార్ అనాలి. "సరే సార్" అని వచ్చాను.

పన్నెండంగుళాల కాగితం మీద బొమ్మ పెద్దదవుతున్నప్పుడు చూశాను. సుత్తి తల పక్కన చీమ. రాయిని ఫొటో తీసేటప్పుడు ఎప్పుడెక్కిందో, కదలకుండా నిలబడి ఫొటో దిగింది. చిన్న ప్రింటులో మచ్చలా ఉండి మోసం చేసింది. ఇప్పుడు ఆరు కాళ్ళూ కనబడుతున్నాయి. సుత్తి తలతో సమానంగా, ఎలుకంత చీమ. చీకటి గదిలో ఒక్కణ్ణే నవ్వాను. నవ్వుతుంటే కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి, ఆ తర్వాత అవి ఆగలేదు. సారు చేతిలో ఉన్న చిన్న ప్రింటులోనూ ఆ చీమ ఉంది. భూతద్దం పెడితే నా బతుకు అయిపోయినట్టే.

బ్లేడు మొనతో ప్రింటు మీద చీమను గీకేశాను. కుంచెతో బండ రంగు వేశాను. రెండు రోజులు పట్టింది. చిన్న ప్రింటు తిరిగి అడిగితే అనుమానం వస్తుందని, పెద్దది ఇస్తూ దాన్ని తీసేసుకుందామని పథకం వేసుకున్నాను. డిసర్టేషన్ ఇవ్వడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. చీమ ఒక్కటే దాటితే గట్టెక్కినట్టే అనుకున్నాను.

వెళ్ళేసరికి సారు బల్ల మీద చిన్న ప్రింటు ఉంది. దాని మీద ఆయన దిక్సూచి పెట్టి ఉంది. నేను పెద్ద ఫొటో బల్ల మీద పెట్టాను. చీమ ఉన్నచోట ఆయన చూపు ఆగుతుందేమోనని నేను అక్కడే చూస్తున్నాను. ఆయన అటు చూడనే లేదు.

"కూర్చో. ఇది ఏ నెలలో తీశావు?"

"డిసెంబర్ సార్."

"ఎన్నింటికి?"

"పన్నెండు గంటలకు."

"మన దగ్గర డిసెంబర్ మధ్యాహ్నం సూర్యుడు ఎటు ఉంటాడు?"

"దక్షిణానికి సార్" అన్నాను. అన్న తర్వాత అర్థమైంది.

"మరి నీడ ఎటు పడాలి?"

ఫొటోలో ప్రతి మిట్ట నీడా, సుత్తి నీడా, ఎంతో శ్రద్ధగా, ఒక్కటీ తప్పిపోకుండా కిందికి పడి ఉన్నాయి. కింద అంటే దక్షిణం. పైన ఉత్తరమని నేనే వెనక రాసిచ్చాను. నా ఫొటోలో డిసెంబర్ సూర్యుడు మధ్యాహ్నం పూట హిమాలయాల వైపు నిలబడి ఉన్నాడు. ఉస్తాద్ చెప్పిందీ సరిగ్గా చేశాను, సారు చెప్పిందీ సరిగ్గా చేశాను. రెండూ ఒక్క బొమ్మలో చేస్తే ఏమవుతుందో ఆలోచించలేదు.

అన్నీ చెప్పేశాను. రీలు, గుంట, కంకర, చిప్పరాయి, చీమ కూడా. నేను ముగించాక ఆయన సొరుగులోంచి పత్రికకు రాసిన ఉత్తరం తీసి, నాలుగు మడతలు పెట్టి చింపి బుట్టలో వేశారు.

"ఆ కూడలి అధ్యాయం తీసెయ్. మిగతాది బాగానే ఉంది, డిగ్రీ పోదు. డైకుల వయసు గురించి ఇంతకుముందు అచ్చయినదే రాసి ఊరుకో."

అంటే ఆయన రాసిందే. తప్పని నాకు తెలిసినదే. నిజాయితీగా బయటపడాలంటే నేను చూసినదానికి వ్యతిరేకం రాయాలి. సంచిలోంచి ఫీల్డు నోట్‌బుక్కు తీసి డిసెంబర్ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను.

"సార్, నేను చూసిన. నిజంగ చూసిన సార్."

ఆయన కళ్ళద్దాలు పైకి జరుపుకుని ఆ బొమ్మ మీదికి వంగారు. పెన్సిల్ గీతల వెంట వేలు నడిపారు. కోసుకుపోయిన అంచు దగ్గర ఆగారు. పక్కన నేను గీసిన చిన్న గడ్డిదుబ్బు, దాని నీడ చూశారు. నీడ ఉత్తరానికి ఉంది. చాలాసేపు చూశారు.

"జనవరిలో ఇది తెచ్చి, రీలు చెడిపోయింది సార్ అని ఉంటే, నాకు ఈ బొమ్మే సరిపోయేదయ్యా" అన్నారు.

"ఇప్పుడు సార్?"

"ఇప్పుడు ఇది ఎప్పుడు గీశావో నాకెలా తెలుస్తుంది?"

కోపంగా అనలేదు. నిజంగానే నన్ను అడుగుతున్నట్టు అన్నారు. నేనేదైనా దారి చెబుతానేమోనని కాసేపు చూశారు కూడా. నోట్‌బుక్కు మూసి నా వైపు జరిపారు. అది జరిగిన చోట, బల్ల అద్దం కింద, సుత్తి పక్కన పంచె బూట్లతో బొటనవేలంత సారు నిలబడి ఉన్నారు. ఆ ఫొటోను ఆయన తీసెయ్యలేదు. తీసేసి ఉంటే నాకు బాగుండేది.

తార్నాక మీదుగా సైకిల్ నడిపించుకుంటూ ఇంటికి వచ్చాను, ఎక్కి తొక్కే ఓపిక లేక. అన్న డ్యూటీ దిగి వచ్చి గడప ముందు చేతులకు అంటిన గ్రీజు కిరోసిన్ గుడ్డతో తుడుచుకుంటున్నాడు. ఆ నల్ల పట్టీల సంగతి డిసెంబర్‌లోనే తనకు, నేల మీద సుద్దముక్కతో గీసి మరీ చెప్పి ఉన్నాను. వర్క్‌షాపులో కూడా ఎవరెవరికో చెప్పుకున్నాడట, మా తమ్ముడు పెద్ద సారు తప్పు పట్టిండని.

"ఏందిరా, ఏమన్నడు సారు? ఒప్పుకున్నడా?"

"ఒప్పుకోలే."

"ఏం? నువ్వు కండ్లార చూసినవ్ గదా?"

"చూసిన."

"మరి చెప్పకపోయినవా" అన్నాడు అన్న, గుడ్డతో గోళ్ళ సందులు తుడుచుకుంటూ. "మా ఇంట్ల ఎవ్వరం అబద్ధం ఆడమని."

లోపల్నించి వదిన అన్నానికి పిలిచింది. కాళ్ళు కడుక్కుని వెళ్ళి అన్న పక్కన కూర్చున్నాను.